కవిత్రయ భారతం మొత్తం చదవాలన్న పాత కోరిక: మధ్యలో ఆగకుండా సాగడం ఎలా?

ప్రశ్న (సాయంత్రం_చదువరి)

నన్నయ, తిక్కన, ఎఱ్ఱనల భారతాన్ని మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారైనా చదవాలన్నది ఎన్నో ఏళ్లుగా ఉన్న కోరిక. తి.తి.దే. వారి అర్థతాత్పర్యాల సంపుటాలు ఇంట్లోనే ఉన్నాయి. ఉగాదికి ఆదిపర్వం తెరవడం, సర్పయాగం దాటకముందే మూసేయడం అలవాటైపోయింది. కథ తెలియక కాదు. అందరిలాగే చిన్నప్పటి నుంచి విన్నదే.

ఉద్యోగం, ఇంటి పనులు పోగా వారానికి అయిదు రోజులు, రోజుకు ముప్పావుగంట గట్టిగా దొరుకుతుంది. పద్యం చదవడం వచ్చు గానీ అర్థం వెంటనే తట్టదు. ఇంత తీరికతో ఇది అసలు పూర్తయ్యే పనేనా? అయితే ఎన్నేళ్లు పడుతుంది? ఆదిపర్వంతోనే మొదలుపెట్టాలా? రెండు మూడు వారాలు ఆగిపోతే మళ్లీ ఎక్కడి నుంచి అందుకోవాలి? ప్రవచనాలు వినడం దీంట్లో లెక్కకు వస్తుందా? పట్టుదల ఉండాలి లాంటి మాటలు వద్దండీ, అవి నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను. లెక్క, పద్ధతి తెలిసినవాళ్లు చెప్పండి.

పెన్నాతీరం

పూర్తవుతుంది. ముందు కొలత తెలుసుకోండి. చాలామందికి ఈ పుస్తకం ఎంత పెద్దదో తెలియదు, అందుకే ఏ రోజు చదివినా ఏమీ కదలనట్టు ఉంటుంది.

పద్యాలు, వచనాలు కలిపి దాదాపు 21,500. పర్వాలు 18, ఆశ్వాసాలు (పర్వంలోని అధ్యాయాలు) 63. మీకున్న ముప్పావుగంటలో అర్థం చూసుకుంటూ ఇరవై వరకు నడుస్తాయి, అంటే వారానికి వంద. ఆ లెక్కన 215 వారాలు. పండుగలు, పెళ్లిళ్లు, జ్వరాలు, పిల్లల పరీక్షలు అన్నీ కలిపి ఏడాదికి ఎనిమిది వారాలు పోతాయని ముందే రాసేసుకోండి. మిగిలేవి 44. అంటే అయిదేళ్లకు కాస్త తక్కువ. ఏడాదిలో పూర్తి చేస్తాననుకుంటే వారానికి నాలుగు వందలకు పైగా చదవాలి. ఉద్యోగం చేస్తూ అది జరగదు. ఉగాది సంకల్పాలు చాలావరకు ఈ లెక్క వేసుకోకపోవడం వల్లనే పోతాయి.

లక్ష్యం రోజుకు పెట్టుకోవద్దు, వారానికి పెట్టుకోండి. రోజుకు ఇరవై అనుకుంటే మంగళవారం పోయిందంటే బుధవారం నలభై అవుతుంది, గురువారానికి అరవై, శుక్రవారం పుస్తకం జోలికే వెళ్లరు. వారానికి వంద అనుకుంటే మంగళవారం పోయినా శనివారం సర్దుకోవచ్చు. ఆదివారం రాత్రికి అరవయ్యే అయితే ఆ వారానికి అరవయ్యే. మిగిలిన నలభై వచ్చే వారం నెత్తిన పెట్టొద్దు. పాత బాకీ రద్దు, సోమవారం మళ్లీ సున్నా నుంచి. ఈ నియమం ఒక్కటీ తప్పితే మిగతావన్నీ ఎంత చక్కగా పెట్టుకున్నా ఉపయోగం ఉండదు.

గుర్తు పెట్టుకోవడానికి ఒక అట్ట మీద 63 గళ్లు గీసి ఆశ్వాసం అయినప్పుడల్లా ఒకటి నింపండి. కానీ నెలకో ఆశ్వాసం అని మాత్రం పెట్టుకోవద్దు. ఆదిపర్వంలో 8 ఆశ్వాసాలకు 2,084, అంటే సగటున 260. శాంతిపర్వంలో 6 ఆశ్వాసాలకు 3,093, సగటున 515. మొదట్లో సుఖంగా సాగిన నెలకో ఆశ్వాసం అక్కడికి వెళ్లేసరికి రెట్టింపు బరువవుతుంది. గళ్లు నింపుకోవడం సంతోషానికి, కొలత మాత్రం పద్యాల్లోనే.

ఎక్కడ మొదలుపెట్టాలి అన్నదానికి నా ఓటు విరాటపర్వానికి. 1,624 గద్యపద్యాలు, మీ వేగంతో నాలుగు నెలలు. కథ తనంతట తాను నిలబడుతుంది: అజ్ఞాతవాసం, కీచకవధ, గోగ్రహణాలు, ఉత్తర పెళ్లి. తిక్కన చేతిలో మాటకు మాట నడుస్తుంది, నాటకంలా ఉంటుంది. వానల కోసం ఊళ్లలో విరాటపర్వం చదివించే ఆనవాయితీ ఉంది కాబట్టి మధ్యలోంచి ఎత్తుకోవడం తప్పేమో అన్న బెంగ అక్కర్లేదు. తర్వాత ఉద్యోగపర్వం, 1,562. సంజయ రాయబారం, కృష్ణ రాయబారం అందులోనివే. ఈ రెండూ అయ్యేసరికి మూడు వేల పైచిలుకు చదివి ఉంటారు, ఎనిమిది నెలలకు అటూ ఇటూ. భాష చెవికి ఎక్కుతుంది. అప్పుడు వెనక్కి వెళ్లి ఆదిపర్వం తెరవండి.

విరాటపర్వంలో ఒక చిన్న చిక్కు ఉంది. కథకు ముందు తిక్కన తన గురించి, భారతాన్ని అంకితమిచ్చిన దైవం హరిహరనాథుడి గురించి చెప్పుకునే అవతారిక వస్తుంది. మొదటిసారి అది దాటేసి కథలోకి వెళ్లండి, పర్వం అయ్యాక తిరిగి చదవండి. అప్పటికి ఆ మనిషి ఎవరో మీకు తెలిసి ఉంటాడు.

కందపద్యం

పెన్నాతీరం గారి లెక్క బాగుంది గానీ ఇరవై పద్యాలు ముప్పావుగంటలో అవ్వాలంటే చదివే తీరు మారాలి. చాలామంది చేసేది ఇది: పద్యం కంటితో చూడటం, అర్థం కాకపోవడం, ప్రతిపదార్థం మొదటి నుంచి చివరి దాకా ఒక్కో మాటా చదవడం, అప్పటికి పద్యం మరచిపోవడం. ఒక్కో పద్యానికి అయిదు నిమిషాలు పోతుంది, వారానికి యాభై కూడా అవ్వవు.

ముందు పద్యాన్ని పైకి చదవండి, గొంతు విప్పి. యతి దగ్గర, పాదం చివర ఆగాలని లేదు, మాట తెగే చోట ఆగండి. ఛందస్సు మాటను మధ్యలో విరుస్తుంది. పాదం దగ్గర ఆగితే సగం మాట ఇటు, సగం అటు పోయి అర్థం చెడుతుంది. తర్వాత క్రియ ఎక్కడుందో వెతకండి. ఎక్కువగా చివర ఉంటుంది, సీసమైతే కింద వచ్చే తేటగీతిలోనో ఆటవెలదిలోనో దొరుకుతుంది. క్రియ దొరికాక ఎవరు, ఎవరిని అన్నది తేల్చుకోండి. అప్పుడు తాత్పర్యం చదవండి. ప్రతిపదార్థం జోలికి, తాత్పర్యం చదివాక కూడా ఏదైనా మాట అతకకపోతేనే వెళ్లండి. చివరగా పద్యం మరోసారి పైకి. కందానికి నిమిషం, నిమిషంన్నర. చంపకమాల, ఉత్పలమాలలకు రెండు. సీసానికి మూడు నాలుగు. కథ నడిపే చిన్న వచనాలు అర నిమిషంలో అయిపోతాయి, వాటికీ నంబరు ఉంటుంది కాబట్టి సగటు కలిసొస్తుంది.

నిఘంటువులో మాట దొరక్కపోవడం ఇంకో పెద్ద అడ్డంకి. తప్పు నిఘంటువుది కాదు, సంధిది. "పూచెఁ గలువలు" అని ఉంటే గ కింద వెతికితే ఏమీ ఉండదు. అది ద్రుతం (ముందు మాట చివరి న్) మీద సరళాదేశం, అంటే క కాస్తా గ అయింది, అసలు మాట కలువలు. "వారు సనిరి" అని ఉంటే చనిరి. "వాఁడు గొట్టె" అంటే కొట్టె. అంటే మాట మొదట్లో గ, జ, డ, ద, బ కనిపించి నిఘంటువులో దొరక్కపోతే వాటి పరుషాలు క, చ, ట, త, ప కింద చూడండి. స, వ కనిపిస్తే చ, ప కింద చూడండి. దీనితో దొరకని మాటల్లో చాలావరకు దొరుకుతాయి. అరసున్న, బండి ఱ చూసి కంగారు పడొద్దు. అరసున్న పలకనక్కర్లేదు, ఱను మామూలు రగా చదివినా మొదటిసారికి నష్టం లేదు. వెతకడానికి ఆంధ్రభారతి సైటులోని నిఘంటు శోధన చాలు, ఒకేసారి చాలా నిఘంటువుల్లో చూపిస్తుంది.

మాట వెతకడం చదువు మధ్యలో చేయొద్దు. పెన్సిలుతో గీత పెట్టి వదిలేయండి, వారం చివర ఆ గీతలన్నీ ఒకేసారి చూడండి. ఫోను చేతిలోకి వెళ్లిందంటే మళ్లీ పుస్తకంలోకి రావడం మన చేతుల్లో ఉండదు. ఆ ఫోనులోనే పీడీఎఫ్ చదవాలనుకోవడం ఇంకా చెడ్డ ఆలోచన, ప్రతిపదార్థం అక్షరాలు చాలా చిన్నవి. సంపుటం బరువనిపిస్తే ఆ ఆశ్వాసం వరకు ముద్రించి స్పైరల్ బైండింగ్ చేయించుకోండి. సంచిలో పడుంటుంది, గీతలు పెట్టడానికి మనసు ఒప్పుతుంది.

ప్రవచనాల మాట అడిగారు. లెక్కకు రావు. వంట చేస్తూ, బస్సులో వింటే మంచిదే, కానీ ఆ వారం వందలో ఒక్కటి కూడా తగ్గించొద్దు. ప్రవచనం చెప్పేవారు వ్యాసుణ్నీ, తిక్కననూ, పురాణాలనూ కలిపి చెబుతారు. మీరు చదవాలనుకున్నది కవిత్రయాన్ని.

మేడమీద_లైబ్రరీ

విరాటపర్వంతో మొదలుపెట్టడం నాకు నచ్చదు. సభాపర్వంలో జూదం, వస్త్రాపహరణం చదవకుండా విరాటుడి కొలువులో ద్రౌపది కోపం చదివితే ఆ మంటలో సగం పోతుంది. కథ తెలుసు అనుకోవడం వేరు, నన్నయ చేత చెప్పించుకోవడం వేరు. ఆదిపర్వం భయపెడుతుంటే సభాపర్వంతో మొదలుపెట్టమంటాను. 2 ఆశ్వాసాలు, 618 గద్యపద్యాలే. ఆరేడు వారాల్లో ఒక పర్వం పూర్తిగా చేతిలో ఉంటుంది. తర్వాత విరాటం, ఉద్యోగం చదవండి, ఆ తర్వాత ఆది, అరణ్యం.

ఆదిపర్వం దగ్గర జనం ఎందుకు ఆగుతారో చూడండి. అవతారిక, పర్వాల పట్టిక, ఉదంకుడు, కద్రువ, వినత, గరుత్మంతుడు, సర్పయాగం, యయాతి, శకుంతల. పాండవులు పుట్టేసరికి పర్వం దాదాపు సగానికి వస్తుంది. పాండవుల కోసం ఎదురుచూస్తూ చదివేవాడికి ఇదంతా అడ్డుగా కనిపిస్తుంది. ఉపాఖ్యానాలనే ఒక్కొక్క కథగా తీసుకుని, ఉదంకుడి కథ ఈ వారం, గరుడుడి కథ వచ్చే రెండు వారాలు అని పంచుకుంటే అడ్డు అనిపించదు. నన్నయ సమాసాలు పెద్దవి కాబట్టి ఇక్కడ వారానికి వంద కాకుండా డెబ్బై పెట్టుకోండి. అలా అయితే ముప్పై వారాలు.

రెండో గండం అరణ్యపర్వం. 2,894, ఏడు ఆశ్వాసాలు. నలుడు, తీర్థయాత్రలు, రామకథ, సావిత్రి, ఒకదాని వెనక ఒకటి. నాలుగో ఆశ్వాసం 142వ పద్యం వరకు నన్నయ, అక్కడి నుంచి ఎఱ్ఱన. ఆ చోట పుస్తకంలో ఒక కాగితం పెట్టుకోండి. రచన తేలికపడటం మీకే తెలుస్తుంది, వారానికి వంద మళ్లీ అందుకోవచ్చు.

మీరడిగిన అసలు ప్రశ్నకు, అంటే ఆగిపోయాక ఎలా అందుకోవాలి అన్నదానికి ఎవరూ జవాబు చెప్పలేదు. భారతంలో ఆగిపోయినవాడికి కథ గుర్తుంటుంది. ఎవరు ఎవరికి చెబుతున్నారో మాత్రం గుర్తుండదు. ఉగ్రశ్రవసుడు శౌనకాది మునులకు చెబుతుంటాడు, అందులో వైశంపాయనుడు జనమేజయుడికి, అందులో మార్కండేయుడు ధర్మరాజుకు, ఆ కథలో ఇంకెవరో ఇంకొకరికి. మూడు వారాల తర్వాత తెరిస్తే "నీవు" అని ఎవరిని అంటున్నారో అర్థం కాదు. విసుగు అక్కడే మొదలవుతుంది. అందుకని ప్రతి రోజూ ఆపేటప్పుడు చిన్న నోటుపుస్తకంలో రెండు ముక్కలు రాయండి: పర్వం, ఆశ్వాసం, పద్యం సంఖ్య ఒకటి, ఎవరు ఎవరికి ఏం చెబుతున్నారో ఒకటి. "అరణ్య 2-38, బృహదశ్వుడు ధర్మరాజుకు నలుడి కథ" అన్నట్టు. పేజీ సంఖ్య కాకుండా పద్యం సంఖ్యే వేయండి, రేపు వేరే ప్రతి చదివినా దారి తప్పరు.

మళ్లీ మొదలుపెట్టిన రోజు కొత్త పద్యాలు చదవొద్దు. ఆగిన చోటికి ముందున్న ఇరవై పద్యాల తాత్పర్యాలు మాత్రం చదివి మూసేయండి. మర్నాటి నుంచి మామూలే. ఆశ్వాసం మొదటికి వెళ్లి మళ్లీ మొదలుపెడితే మాత్రం మీరు చెప్పిన ఉగాది ఆదిపర్వం కథే మళ్లీ మళ్లీ అవుతుంది.

సాయంత్రం_చదువరి

చాలా సంతోషమండీ, ఇన్నాళ్లకు దీని కొలత తెలిసింది. సభాపర్వంతోనే మొదలుపెడతాను. రెండు సందేహాలు. యుద్ధపర్వాలు అయ్యాక ఏముంటుంది, అక్కడ ఆపేస్తే తప్పా? ఇంకోటి, ఒంటరిగా చదవడం కన్నా నలుగురు కలిస్తే నడుస్తుందా? పాత స్నేహితులు ఇద్దరు ఆసక్తి చూపిస్తున్నారు, ఒకరు అమెరికాలో ఉన్నారు.

డాలస్_తెలుగు

ముగ్గురు చాలా మంచి సంఖ్య. నలుగురైదుగురి వరకు ఫరవాలేదు. అంతకు మించితే ప్రతి వారం ఎవరో ఒకరు రారు, వారి కోసం వాయిదా వేస్తారు, రెండు వాయిదాలతో గుంపు అయిపోతుంది. ఎంతమంది వస్తే అంతమందితో జరగాలి, ఒక్కరే వచ్చినా ఆ ఒక్కరూ గంట చదివి వెళ్లాలి అని మొదటి రోజే అనుకోండి.

వారానికి వంద కలిసి చదవడం కుదరదు, గంటలో పాతికకు మించి రావు. వంద ఎవరికి వారే చదువుకుని రావాలి. కలిసినప్పుడు అందులోంచి ఒక్కొక్కరు నచ్చినవి రెండు, అర్థం కానివి రెండు తెచ్చి పైకి చదవాలి. చదవకుండా వచ్చినవారు వినొచ్చు, కానీ వారి కోసం వెనక్కి వెళ్లకూడదు. ఇది కాస్త కఠినంగా అనిపిస్తుంది, కానీ వెనకబడ్డవారి కోసం ఆగే గుంపు ఏదీ ఆదిపర్వం దాటదు.

సమయం: ఇండియాలో ఆదివారం ఉదయం ఏడు అంటే మా డాలస్‌లో శనివారం రాత్రి ఎనిమిదిన్నర. నవంబరులో గడియారం మారాక ఏడున్నర అవుతుంది, మార్చిలో మళ్లీ ఎనిమిదిన్నర. తూర్పు తీరంలో ఉంటే దానికి ఒక గంట కలపండి. ఇండియా సమయమే స్థిరంగా ఉంచుకోండి, ఇక్కడివాళ్లు సర్దుకుంటారు. రెండు వైపులా మార్చబోతే ఆ వారం సగంమంది రారు.

ఒక హెచ్చరిక. వాట్సాప్ గుంపు పెడితే అందులో పద్యం సంఖ్యలు, సందేహాలు తప్ప ఇంకేమీ రాకూడదు. శుభోదయాలు మొదలయ్యాయంటే చదువు సంగతి ఎవరికీ గుర్తుండదు. ప్రతుల మధ్య పద్యం సంఖ్యలు అక్కడక్కడ ఒకటి రెండు తేడా ఉంటాయి, కాబట్టి సంఖ్యతో పాటు పద్యం మొదటి మాట కూడా రాయమనండి.

పెన్నాతీరం

యుద్ధం తర్వాత ఏముందంటారా? మూడో వంతు పుస్తకం. భీష్మ, ద్రోణ, కర్ణ, శల్య పర్వాలు నాలుగూ కలిపి 4,982. శాంతి, ఆనుశాసనిక పర్వాలు రెండే 5,241. పద్దెనిమిది రోజుల యుద్ధం కన్నా అంపశయ్య మీద భీష్ముడి మాటలు ఎక్కువ. స్త్రీపర్వంతో కథ అయిపోయిందన్న భావన వస్తుంది, ఇంకా ఏడు వేలు మిగిలి ఉంటాయి. ఆదిపర్వం దాటినవాళ్లలో ఆగిపోయేవాళ్లు ఇక్కడే ఆగుతారు.

స్త్రీపర్వం దగ్గర ఆపితే తప్పని ఎవరంటారు? మీ కోరిక "మొత్తం" అయితే మాత్రం శాంతిపర్వానికి ఇప్పుడే వేరే పద్ధతి అనుకోండి. వారానికి వంద అక్కడ పనికిరాదు. కథ లేదు కాబట్టి తర్వాతేమైంది అన్న ఆత్రం ఉండదు. పద్యం చదివి ఒక్క క్షణం ఆగాల్సి వస్తుంది. వారానికి అరవై చాలు, ఏడాది పైన పడుతుంది. రాజధర్మాలు, ఆపద్ధర్మాలు బాగానే నడుస్తాయి, మధ్యలో కథలున్నాయి. మోక్షధర్మాలు బరువు. అక్కడ వారంలో ఒక రోజు శాంతిపర్వం పక్కన పెట్టి మౌసల, మహాప్రస్థానిక, స్వర్గారోహణ పర్వాల్లోంచి పది పద్యాలు చదవండి. మూడూ కలిపినా 402. వరుస తప్పినట్టు అనిపించొచ్చు, కానీ చివర ఎలా ఉంటుందో రుచి చూస్తుంటే మధ్యలో కాలు ఆగదు. ఆఖరుకు వచ్చినప్పుడు వాటిని వరుసలో మళ్లీ చదవడం ఎలాగూ ఉంటుంది.

అలాగే భీష్మపర్వంలో భగవద్గీత కోసం ఎదురుచూడొద్దు. తిక్కన దాన్ని బాగా క్లుప్తం చేశాడు, మీరు ఎదురుచూసేలోపే దాటిపోతుంది. గీత విడిగా చదువుకోవాల్సిందే.

కందపద్యం

పెన్నాతీరం గారూ, స్వర్గారోహణం ముందే రుచి చూడమనడం మాత్రం నేను ఒప్పుకోను! మోక్షధర్మాలు బరువనిపిస్తే ఆ రోజుకు విరాటంలోంచి తనకు నచ్చిన చోటు మళ్లీ చదువుకుంటే సరిపోతుంది. రెండోసారి చదివినప్పుడు తాత్పర్యం చూడకుండానే అర్థమవుతుంటే, ఇన్నేళ్లలో ఎంత వచ్చిందో తెలుస్తుంది. అట్ట మీద గళ్లు చెప్పలేనిది అది.

చదువరి గారూ, సభాపర్వం మొదటి ఆశ్వాసం మొదటి వారంలో నారదుడు ధర్మరాజును అడిగే ప్రశ్నలు వస్తాయి. రాజ్యం ఎలా ఏలుతున్నావు అంటూ వరసగా అడుగుతూనే ఉంటాడు. అవి చూసి ఇక్కడా కథ లేదే అనుకోవద్దు. నిదానంగా చదవండి, మయసభ అప్పటికే దాటి ఉంటారు, జరాసంధుడు ముందున్నాడు.

సాయంత్రం_చదువరి

అట్ట గీశాను, నోటుపుస్తకం కొన్నాను. స్నేహితులకు ఆదివారం ఉదయం ఏడు అని చెప్పాను, అమెరికా ఆయన సరేనన్నారు. మొదటి వారానికి సభాపర్వం 1-1 నుంచి 1-70 వరకు. నన్నయ కదా, వంద పెట్టుకోలేదు.